మంత్రిని కాదు, ఆ స్పీకర్‌ని తలుచుకోండి

సముద్రాల అవతల ఏ నాయుడో ఏ రెడ్డో ఓ పదవి ఎక్కితే చాలు, మనవాడే అని చంకలు గుద్దుకోవడం మనకు అలవాటైపోయింది. తాతలది ఏ జిల్లా, ఇంట్లో తెలుగు మాట్లాడతారా, ఇటువైపు చుట్టాలెవరైనా ఉన్నారా అని ఆరాలు తీస్తాం. ఆ మనిషి ఏం చేశాడు, దేనికోసం నిలబడ్డాడు అని మాత్రం అడగం. మలేషియా ప్రధాని అన్వర్ ఇబ్రహీం 2022 డిసెంబరులో మంత్రివర్గం కూర్చుకున్నప్పుడు మానవ వనరుల శాఖ వి. శివకుమార్‌కి ఇచ్చారు. తండ్రి పేరు వరదరాజు నాయుడు. మురిసిపోవడానికి మనకు అంతే చాలు.

ఆ పదవి ఏడాది నిండీ నిండగానే పోయింది. పోయినందుకు నాకేమీ బాధ లేదు. నాకు కడుపు మండేది వేరే చోట. ఈయన రాజకీయ జీవితంలో ఒక రోజుంది. 2009 మే 7. పెరాక్ రాష్ట్ర రాజధాని ఇపోలో, శాసనసభ లోపల, స్పీకర్ గౌను ఒంటిమీద ఉండగానే ఈయన్ని కుర్చీలోంచి లాగి, ఈడ్చుకెళ్లి, ఒక గదిలో పెట్టారు. ప్రజలు ఎన్నుకున్న సభలో, ఆ సభ ఎన్నుకున్న అధ్యక్షుణ్ణి! ఆ సంగతి తేల్చకుండా, పదమూడేళ్ల తర్వాత ఓ మంత్రి పదవి ఇచ్చేస్తే లెక్క సరిపోయిందనుకునే వాళ్లందరితోనూ నాకు పేచీ ఉంది. వాళ్లలో ఆయన సొంత పార్టీవాళ్లు కూడా ఉన్నారు. ఆయనా ఉన్నారు.

మొదటినుంచీ చెప్పాలి. 2008 మార్చి 8 ఎన్నికల్లో పెరాక్ ఓటరు చరిత్ర తిరగరాశాడు. దశాబ్దాలుగా ఆ రాష్ట్రాన్ని ఏలుతున్న కూటమికి, బారిసాన్ నేషనల్‌కి, 59 సీట్లలో 28 మాత్రమే ఇచ్చాడు. ప్రతిపక్షాలకి 31. అందులో డీఏపీకి 18, అన్వర్ పార్టీ పీకేఆర్‌కి 7, పాస్ అనే ఇస్లామిక్ పార్టీకి 6. చైనా సంతతివాళ్లు ఎక్కువగా ఓటేసే డీఏపీ, మతం పునాదిగా నిలబడ్డ పాస్ ఒకే ప్రభుత్వంలో కూర్చుంటాయని అంతకు ముందు చెబితే ఎవరూ నమ్మేవాళ్లు కాదు. అందరికంటే తక్కువ సీట్లు వచ్చిన పాస్ నాయకుడు నిజార్ జమాలుద్దీన్ ముఖ్యమంత్రి అయ్యాడు. అక్కడి రాజ్యాంగం ఆ పదవిని మలయ్ ముస్లింకి కేటాయించింది మరి. తగరపు గనుల ఊరు ట్రోనో నుంచి డీఏపీ టికెట్ మీద గెలిచిన శివకుమార్‌ని స్పీకర్‌గా ఎన్నుకున్నారు. మలేషియాలో ఒక రాష్ట్ర శాసనసభ స్పీకర్ కుర్చీలో భారత సంతతి మనిషి కూర్చోవడం అదే మొదలు.

ఆ మాట విలువ తెలియాలంటే పెరాక్ తోటల సంగతి తెలియాలి. దక్షిణ పెరాక్‌లో బాగన్ దాతో వైపు కొబ్బరి తోటల్లోకీ, రబ్బరు తోటల్లోకీ బ్రిటిష్ కాలంలో మన కోస్తా జిల్లాలనుంచి ఓడలెక్కి కూలికి పోయిన కుటుంబాలు చాలా ఉన్నాయి. తమిళనాడు నుంచి పోయినవాళ్లు ఇంకా ఎక్కువ. వాళ్ల పిల్లలకీ మనవలకీ ఆ దేశ రాజకీయాల్లో ఒక మూల కేటాయించి ఉంచారు. బారిసాన్‌లో ఎంఐసీ అనే చిన్న భాగస్వామి, ఒకటో రెండో పదవులు, మిగతా ఐదేళ్లూ చేతులు కట్టుకుని నిలబడటం. అలాంటి చోట ఒక నాయుడు గారబ్బాయి స్పీకర్ అయి, ముఖ్యమంత్రినైనా సరే కూర్చోమని చెప్పగల అధికారం సంపాదించాడు. ఎవరి దయా కాదు. ఓట్లతో వచ్చింది.

పదకొండు నెలలు కూడా తిరక్కముందే దాన్ని కూల్చారు.

ఎలా కూల్చారో చెప్పేముందు ఒక నిజం చెప్పి తీరాలి, లేకపోతే నా కోపానికి విలువ ఉండదు. ఫిరాయింపుల జూదం మొదలుపెట్టింది బారిసాన్ ఒక్కటే కాదు. 2008 సెప్టెంబరు 16 నాటికి అవతలి ఎంపీలను లాగి కేంద్రంలో ప్రభుత్వం మారుస్తానని అన్వర్ ఇబ్రహీమే ఊరూరా చెప్పాడు. 2009 జనవరి 25న పెరాక్‌లో బోటా ఎమ్మెల్యే నసరుద్దీన్ హషీం బారిసాన్‌లోని పెద్ద పార్టీ అమ్నోని వదిలి పీకేఆర్‌లోకి వస్తే ప్రతిపక్ష కూటమి పండగ చేసుకుంది. పట్టుమని పదిహేను రోజులు కాలేదు, అదే మనిషి మళ్లీ అమ్నోకి పోయాడు. వచ్చినప్పుడు చప్పట్లు కొట్టినవాళ్లకి పోయినప్పుడు శాపనార్థాలు పెట్టే హక్కు ఎక్కడిది? ఓటరు ఒక గుర్తుకు వేసిన ఓటుని ఇంకో గుర్తు దగ్గర అమ్ముకోవడం ఎవరు చేసినా దొంగతనమే. మనవైపు దూకితే ఆత్మప్రబోధం, అటువైపు దూకితే ద్రోహం అనే వాదం నాకు ఏ భాషలో విన్నా అసహ్యమే.

ఫిబ్రవరి మొదటి వారానికి ముగ్గురు అటు పోయారు. ఇద్దరు పీకేఆర్ వాళ్లు, బెహ్రాంగ్, చంకట్ జెరింగ్ ఎమ్మెల్యేలు, అప్పటికే అవినీతి కేసుల్లో కోర్టు మెట్లెక్కుతున్నవాళ్లు. మూడో మనిషి జెలాపాంగ్ ఎమ్మెల్యే హీ యిత్ ఫూంగ్. డీఏపీ మహిళ, సభకి డిప్యూటీ స్పీకర్. ముగ్గురూ ఇండిపెండెంట్లమని ప్రకటించుకుని బారిసాన్‌కి మద్దతిచ్చారు. అప్పటి ఉపప్రధాని, కొద్దివారాల్లో ప్రధాని కాబోతున్న నజీబ్ రజాక్ ఫిబ్రవరి 4న స్వయంగా ఆ సంగతి ప్రకటించాడు. 31, 28 అటూ ఇటూ తారుమారయ్యాయి. హీ శారీరక వైకల్యం ఉన్న మనిషి. పార్టీ మారినందుకు ఆమెను తిట్టే హక్కు జెలాపాంగ్ ఓటర్లందరికీ ఉంది. కానీ ఆమె నడకను పట్టుకుని వెక్కిరించినవాళ్లు ప్రజాస్వామ్యం తరఫున మాట్లాడలేదు, తమ కుసంస్కారం తరఫున మాట్లాడారు. ఆ నోళ్లతో నాకు పొత్తు లేదు.

శివకుమార్ ఊరుకోలేదు. ఎమ్మెల్యేల దగ్గర పార్టీలు ముందే తేదీ లేని రాజీనామా లేఖలు రాయించుకుని ఉంచాయి. ఆ లేఖలు చూపించి సీట్లు ఖాళీ అయ్యాయని ప్రకటించి, ఉపఎన్నికలు పెట్టమని ఎన్నికల సంఘాన్ని అడిగారు. ఖాళీ ఏర్పడిందో లేదో తేలలేదంటూ ఎన్నికల సంఘం కుదరదంది. తేల్చే అధికారం ఎన్నికల సంఘానిదేనని ఏప్రిల్‌లో ఫెడరల్ కోర్టు కూడా వంత పాడింది. తేదీ లేని రాజీనామా లేఖ మంచి పద్ధతి కాదని నేనూ ఒప్పుకుంటాను. అది ఎమ్మెల్యేని పార్టీ ఆఫీసు దగ్గర తాకట్టు పెట్టడమే. అయితే ఆ దిక్కుమాలిన పద్ధతి ఎందుకు పుట్టింది? ఫిరాయిస్తే సీటు పోతుందని కెలంతాన్ రాష్ట్రం చట్టం చేసుకుంటే, సంఘం పెట్టుకునే స్వేచ్ఛకి భంగమని 1992లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఎమ్మెల్యేకి పార్టీ మారే స్వేచ్ఛ ఉందట, జెలాపాంగ్‌లో ఓటేసిన జనానికి మళ్లీ ఓటేసే స్వేచ్ఛ లేదట!

ఇక ముఖ్యమంత్రి నిజార్ చేయాల్సిన పనే చేశాడు. బలం పోయిందంటున్నారు కదా, సభ రద్దు చేసి జనం దగ్గరికే పోదామని సుల్తాన్‌ని అడిగాడు. పెరాక్ సుల్తాన్ అజ్లాన్ షా మామూలు రాజు కాడు. దేశానికి ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసినవాడు, ఆ తర్వాత దేశానికే రాజుగా ఉన్నవాడు. సభ రద్దు కోరితే రాజు పాత్ర లాంఛనం మాత్రమేనని తన రచనల్లో తానే రాసుకున్న మనిషి. ఆయన బారిసాన్ వైపున్న 31 మందినీ కోటకి పిలిపించి చూసి, రద్దు కుదరదని, నిజార్ రాజీనామా చేయాలని ఫిబ్రవరి 5న చెప్పేశాడు. మర్నాడు కువాలా కాంగ్సార్ కోటలో బారిసాన్ మనిషి జాంబ్రి అబ్దుల్ ఖాదిర్ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశాడు. కోట బయట గుమిగూడిన జనం మీద బాష్పవాయువు ప్రయోగించారు.

ఈ ఘట్టం చదువుతుంటే తెలుగువాడికి 1984 ఆగస్టు గుర్తుకు రాకుండా ఎలా ఉంటుంది? గవర్నర్ రాంలాల్ ఎన్టీఆర్‌ని దించి నాదెండ్ల భాస్కరరావుని ఎక్కించినప్పుడు కూడా జరిగింది ఇదే. సభలో తేలాల్సిన లెక్క రాజ్‌భవన్ గదుల్లో తేల్చారు. ఎమ్మెల్యేలను వెంటబెట్టుకుని పోయి చూపించినా వినలేదు. కానీ మనం రోడ్లెక్కాం, దేశమంతా కదిలింది, సరిగ్గా నెలకి ఎన్టీఆర్ తిరిగి ముఖ్యమంత్రి అయ్యాడు. గవర్నర్‌ని తీసెయ్యొచ్చు, తీసేశారు కూడా. సుల్తాన్‌ని ఎవరు తీస్తారు? పెరాక్ ఓటరు తన మాట మళ్లీ చెప్పడానికి నాలుగేళ్లు ఆగాల్సి వచ్చింది. సుల్తాన్ నిర్ణయాన్ని కోర్టులో ప్రశ్నించొచ్చు అన్నందుకు డీఏపీ అధ్యక్షుడు, లాయర్ కర్పాల్ సింగ్ మీద రాజద్రోహం కేసు పెట్టారు. 2014లో శిక్షగా 4,000 రింగిట్ల జరిమానా వేశారు. అదే ఏడు ఆయన రోడ్డు ప్రమాదంలో పోయాడు. 2019లో ఫెడరల్ కోర్టు ఆయన నిర్దోషి అంది. చచ్చిపోయిన ఐదేళ్లకు దక్కిన న్యాయం అది! చట్టం గురించి చట్టం చదువుకున్న మనిషి ఒక అభిప్రాయం చెప్పినందుకు!

శివకుమార్ తటస్థంగా లేడు, ఆయనా పార్టీ మనిషిలాగే ప్రవర్తించాడు అనేవాళ్లున్నారు. ఆ వాదంలో నిజం ఉంది. ఫిబ్రవరి 18న హక్కుల కమిటీ పేరు మీద జాంబ్రిని 18 నెలలు, ఆయన మంత్రులు ఆరుగురిని 12 నెలలు సభనుంచి సస్పెండ్ చేయడం తప్పు. ఏడుగురిని బయట కూర్చోబెట్టి మెజారిటీ తయారుచేసుకోవడం కూడా ఓటరుని దగా చేయడమే. ఆ ఏడుగురికీ ఓటర్లున్నారు. ఆ సస్పెన్షన్ చెల్లదని ఏప్రిల్‌లో ఫెడరల్ కోర్టు అన్నప్పుడు అందులో నాకు అభ్యంతరం కనిపించలేదు. కానీ రెండు వైపులవాళ్లూ అడిగినదేమిటో పక్కపక్కన పెట్టి చూడండి. శివకుమార్ వైపువాళ్లు మొదటినుంచి చివరిదాకా ఎన్నికలు పెట్టండి అన్నారు. ఉపఎన్నికలైనా సరే, రాష్ట్రమంతా అయినా సరే. అవతలివాళ్లు ఎన్నికలు తప్ప ఏదైనా సరే అన్నారు. ఓటరు ముందుకు పోవడానికి భయపడింది ఎవరో దీంట్లోనే తెలిసిపోతుంది.

మార్చి 3 సంగతి చెప్పాలి. స్పీకర్ హోదాలో శివకుమార్ అత్యవసర సమావేశం పిలిచారు. సచివాలయం గేట్లు మూసేశారు, పోలీసులు అడ్డం నిలబడ్డారు. తన సభ గడప తొక్కడానికి స్పీకర్‌కి దారి లేదు! ఆయన వెనక్కి పోలేదు. దగ్గర్లోనే ఒక పెద్ద నిద్రగన్నేరు చెట్టుంది. గౌను వేసుకునే ఆ చెట్టు కిందికి పోయి, అక్కడే సభ మొదలైందని ప్రకటించారు. చుట్టూ ఎమ్మెల్యేలు, వాళ్ల చుట్టూ జనం, జనం చుట్టూ కెమెరాలు. పైన కొమ్మలు తప్ప కప్పు లేదు, మైకుల వరస లేదు, మార్షల్స్ లేరు. నిజార్ మీద విశ్వాసం ప్రకటిస్తూ, సభ రద్దు చేసి ఎన్నికలు పెట్టమంటూ తీర్మానాలు చేశారు. చట్టం ముందు ఆ తీర్మానాలు నిలబడతాయా అని లాయర్లు వాదించుకున్నారు. వాదించుకోనీండి. నేను చూసేది వేరు. గేటు మూస్తే ఇంటికిపోయి పత్రికా ప్రకటన ఇచ్చే స్పీకర్లే ఎక్కువ ఉన్న లోకంలో, చెట్టు కిందైనా సభ నడపాల్సిందే అని గట్టిగా పట్టుబట్టిన మనిషి ఒకడు దొరికాడు. జనం ఆ చెట్టుకి ప్రజాస్వామ్య వృక్షం అని పేరు పెట్టుకుని శిలాఫలకం నిలబెట్టారు. ఆ ఫలకాన్ని కూడా బతకనివ్వలేదు, పగలగొట్టారు. ఒక రాతిపలక మీద అంత కక్ష ఎందుకో ఆలోచించండి.

మే 7న అసలు ఘోరం. ఉదయం పది గంటలకు సభ. యువరాజు రాజా నజ్రిన్ షా ప్రసంగం చేసి సమావేశాలు ప్రారంభించాలి. స్పీకర్ కుర్చీలో శివకుమార్ కూర్చున్నారు. కోర్టు తీర్పు వచ్చినా, తాను సస్పెండ్ చేసినవాళ్లు బయటికి పోవాలన్నారు, వాళ్లు పోలేదు. ఈయన సభ మొదలుపెట్టలేదు. అరుపులు, తోపులాటలు. ఇంతలో బారిసాన్ సభ్యులు డిప్యూటీ స్పీకర్ హీ ఆధ్వర్యంలో నేలమీదే ఒక సభ నడిపించి, శివకుమార్‌ని తొలగించామని, ఎంఐసీ నాయకుడు ఆర్. గణేశన్‌ని స్పీకర్‌గా ఎన్నుకున్నామని ప్రకటించారు. ఒకే గదిలో ఇద్దరు స్పీకర్లు, ఇద్దరికీ గౌన్లు. కుర్చీలో ఉన్నది మాత్రం ఒక్కడే. అప్పుడు మఫ్టీలో ఉన్న పోలీసులు లోపలికొచ్చి ఆ ఒక్కడిని రెక్కలు పట్టుకుని లాగారు. ఆయన కుర్చీని వదలకుండా పెనుగులాడారు. సభ్యులు అడ్డం పడ్డారు. అయినా ఈడ్చుకుపోయారు. ఖాళీ అయిన కుర్చీలో గణేశన్ కూర్చున్నాడు. గంటల తరబడి ఎదురుచూసిన యువరాజు మధ్యాహ్నం మూడు దాటాక వచ్చి ప్రసంగం చదివాడు. బయట నల్లచొక్కాలు వేసుకొచ్చిన జనాన్ని పదుల సంఖ్యలో అరెస్టు చేశారు.

స్పీకర్‌ని మార్చే హక్కు మెజారిటీకి ఉంది. నోటీసు ఇచ్చి, చర్చ పెట్టి, ఓటింగ్ జరిపి మార్చొచ్చు. పోలీసుల చేత మార్పించే హక్కు ప్రపంచంలో ఏ మెజారిటీకీ లేదు. పోలీసు లాఠీ శాసనసభ గడప దాటిన రోజున లోపల ఉన్న ఎమ్మెల్యేలందరూ, ఈ పక్షం ఆ పక్షం అని లేకుండా, పోలీసు దయమీద కూర్చున్నవాళ్లే అవుతారు. ఆ రోజు చప్పట్లు కొట్టిన బారిసాన్ సభ్యులకి ఇది ఎందుకు తట్టలేదు? ఈడ్వబడ్డవాడూ కూర్చున్నవాడూ ఇద్దరూ భారత సంతతివాళ్లే కదా, జాతి వివక్ష ఏముందని వాదించినవాళ్లకి నా సమాధానం ఒకటే. శివకుమార్‌ని లాగింది ఏ జాతివాడనో కాదు, ఓటు వేసినవాళ్ల తరఫున కూర్చున్నాడని. మనవాడు, మనవాడు అంటూ మురిసిపోయే మనం కూడా ఈ ముక్క బుర్రకెక్కించుకోవాలి. గణేశన్ కూడా ఎవరికో మనవాడే.

నాలుగు రోజులకి, మే 11న, కౌలాలంపూర్ హైకోర్టులో జస్టిస్ అబ్దుల్ అజీజ్ అబ్దుల్ రహీం ధైర్యమైన తీర్పిచ్చారు. ముఖ్యమంత్రి మీద విశ్వాసం ఉందో లేదో సభలో ఓటింగ్ ద్వారానే తేలాలి, కాబట్టి నిజారే ముఖ్యమంత్రి అన్నారు. ఆ మాట కొత్తదేమీ కాదు. 1966లో సరవాక్ ముఖ్యమంత్రి స్టీఫెన్ కలోంగ్ నింకన్‌ని గవర్నర్ దించినప్పుడు కూడా కోర్టు అదే చెప్పింది. మే 12న, ఒక్కరోజు తిరక్కుండా, అప్పీలు కోర్టు జడ్జి ఒంటరిగా కూర్చుని స్టే ఇచ్చేశారు. 22న అప్పీలు కోర్టు తీర్పు తిరగేసింది. 2010 ఫిబ్రవరి 9న ఫెడరల్ కోర్టు ఐదుగురు జడ్జిలూ ఒక్కమాటగా జాంబ్రి వైపే నిలిచారు. బలం తెలుసుకోవడానికి సభలో ఓటింగే కానక్కర్లేదు, వేరే మార్గాలున్నా చాలట. ఏమిటా వేరే మార్గాలు? తలుపులు మూసిన గదిలో తలకాయలు లెక్కపెట్టుకోవడం. ఆ గదిలోకి జనం చూడలేరు, కెమెరా పోలేదు, అవతలి పక్షం ప్రశ్న అడగలేదు. సభకి గోడలు కట్టింది, గ్యాలరీ పెట్టింది, ప్రతి మాటా రాయించేది ఎందుకో ఆ ఐదుగురూ ఒక్కసారి ఆలోచించి ఉంటే ఆ తీర్పు రాసేవాళ్లు కాదు.

సభలో ఓటింగ్ పెడితే ఆకాశం ఊడిపడుతుందా? పెరాక్‌లోనే పెట్టారు, ఏమీ ఊడిపడలేదు. 2020 డిసెంబరు 4న అప్పటి ముఖ్యమంత్రి ఫైజల్ అజుము మీద విశ్వాసం ఉందా లేదా అని సభలోనే ఓట్లేశారు. 10 మంది కావాలన్నారు, 48 మంది వద్దన్నారు. మర్నాడు ఆయన రాజీనామా చేశాడు. పోలీసులు లోపలికి రాలేదు, ఎవర్నీ ఈడ్చలేదు, బాష్పవాయువు అక్కర్లేకపోయింది. 2009లో హైకోర్టు చెప్పింది ఇంతకన్నా ఎక్కువేమీ కాదు.

ఇక ఆయన సొంతవాళ్ల సంగతి. 2018 ఎన్నికల్లో ఆయన పార్టీ ఉన్న కూటమి మళ్లీ పెరాక్ గెలిచింది, కానీ 29 సీట్ల దగ్గర ఆగిపోయింది. మెజారిటీకి ఇంకొకటి కావాలి. ఏం చేశారు? బారిసాన్ టికెట్ మీద అప్పుడే గెలిచిన ఇద్దరు అమ్నో ఎమ్మెల్యేలను ఇటు లాక్కుని 31 చేసుకున్నారు. పోగొట్టుకున్న 31నీ ఎలా పోగొట్టుకున్నారో అలాగే తిరిగి తెచ్చుకున్నారు! చెట్టు కింద నిలబడి ఓటరు తీర్పే శిరోధార్యమన్న పార్టీ ఈ పని చేస్తుంటే ఒక్కడు లేచి ఇది తప్పు అనలేదంటే ఆ చెట్టు నీడకి అర్థమేముంది? ఫలితం కూడా చూశారు. అలా ఎక్కించిన ముఖ్యమంత్రి ఫైజల్ అజుమే 2020 మార్చిలో తన బెర్సాతు పార్టీతో సహా అవతలికి పోయి అదే కుర్చీలో అవతలి ప్రభుత్వాన్ని నడిపాడు. ఆయన వెంట డీఏపీని వదిలి పోయినవాళ్లలో ట్రోనో ఎమ్మెల్యే కూడా ఉన్నాడు. 2013లో శివకుమార్ బాతు గాజా ఎంపీగా కేంద్రానికి పోయేదాకా ఆయనదైన ట్రోనో అది. ఈ కప్పల తక్కెడలో ఆయన సీటు కూడా ఒక కప్ప అయిపోయింది.

2022 చివర్లో జరిగింది నాకు అన్నిటికంటే ఎక్కువ నొప్పి కలిగించింది. ఎవరికీ మెజారిటీ రాక అన్వర్ బారిసాన్‌తోనే చేతులు కలిపాడు. పొత్తులు తప్పనిసరి కావచ్చు, దాన్ని నేను తప్పుపట్టను. డిసెంబరు 3న ప్రమాణం చేసిన మంత్రుల్లో శివకుమార్ ఉన్నారు. విదేశాంగ మంత్రిగా జాంబ్రి అబ్దుల్ ఖాదిర్ ఉన్నారు! ఏ ప్రభుత్వాన్ని నిలబెట్టడానికి ఈయన్ని కుర్చీలోంచి ఈడ్చారో ఆ ప్రభుత్వపు ముఖ్యమంత్రి, ఈడ్వబడ్డ స్పీకర్, ఒకే మంత్రివర్గంలో ఏడాదిపాటు పక్కపక్కన కూర్చున్నారు. 2009 గురించి క్షమాపణ షరతుగా పెట్టి ఆ బల్ల దగ్గర కూర్చుని ఉంటే శివకుమార్ ఎత్తు ఎంత పెరిగేది! 2023 ఏప్రిల్‌లో విదేశీ కార్మికుల వ్యవహారంలో ఆయన కార్యాలయ సిబ్బంది కొందరిని అవినీతి నిరోధక కమిషన్ అదుపులోకి తీసుకుంది. ఆయన వాంగ్మూలమూ తీసుకుంది. ఆయనమీద అభియోగం మోపలేదు. డిసెంబరు 12న మంత్రివర్గ మార్పుల్లో పదవి పోయింది. ఆయన్ని తలుచుకోవడానికి ఆ మంత్రి పదవే ఆధారమైతే, తలుచుకోవడానికి మిగిలేది ఇంతే.

2022 అక్టోబరు 5 నుంచి మలేషియాలో ఫిరాయింపుల నిరోధక చట్టం అమల్లోకి వచ్చింది. పార్టీ మారిన ఎంపీ సీటు పోతుంది, స్పీకర్ 21 రోజుల్లో ఖాళీని ఎన్నికల సంఘానికి తెలపాలి. ఆ గడువు చూసి నాకు అసూయ కలిగింది. తెలంగాణలో పది మంది బీఆర్ఎస్ ఎమ్మెల్యేల పిటిషన్లు నెలల తరబడి స్పీకర్ బల్లమీద మూలిగి, 2025 జులై 31న సుప్రీంకోర్టు మూడు నెలల్లో తేల్చమని చెప్పేదాకా వచ్చింది మన కళ్లముందే కదా. కానీ మలేషియా చట్టంలో ఏనుగు పట్టేంత కన్నం ఉంది. ఒక్కడు దూకితే తప్పు, పార్టీ పార్టీయే కూటమి మారితే తప్పు లేదు. 2020లో బెర్సాతు చేసింది అదే. ఆ తరహా దూకుడు ఇంకా చట్టబద్ధమే. 2024లో బెర్సాతు తనవాళ్లు ఎదురు పక్షానికి మద్దతిచ్చారని సీట్లు ఖాళీ చేయించమంటే, కెలంతాన్ స్పీకర్ నెంగిరి సీటు ఖాళీ అన్నారు, కేంద్రంలో స్పీకర్ ఆరుగురు ఎంపీల సీట్లు ఖాళీ కాలేదన్నారు. ఒకే పార్టీ, ఒకే తరహా నోటీసు, సభను బట్టి న్యాయం! చివరికి అంతా ఆ కుర్చీలో కూర్చునే మనిషి మీదే ఆధారపడుతోంది.

శివకుమార్ గారూ, మీరింకా బాతు గాజా ఎంపీనే. 2009 మే 7న పోలీసుల్ని శాసనసభ లోపలికి రప్పించిన ఆదేశం ఎవరిచ్చారు? నోటితో ఇచ్చారా, కాగితం మీద ఇచ్చారా? స్పీకర్ మాట వినాల్సిన సభ సిబ్బంది ఆ రోజు ఎవరి మాట విన్నారు? మిమ్మల్ని ఏ చట్టం కింద ఒక గదిలో పెట్టారు? ఇవి మీ సొంత అవమానానికి సంబంధించిన ప్రశ్నలు కావు, వదిలేశానని పెద్దమనసుతో అనడానికి మీకు హక్కు లేదు. ఆ కుర్చీ మీది కాదు, ట్రోనోలో, జెలాపాంగ్‌లో, పెరాక్ అంతటా వరసల్లో నిలబడి ఓటేసినవాళ్లది. ఇప్పుడు పెరాక్‌లోనూ కేంద్రంలోనూ మీ పార్టీ అధికారంలో ఉంది, పక్కనే అమ్నో కూడా ఉంది. సాక్షులు ఇంకా బతికే ఉన్నారు. పార్లమెంటులో లేచి విచారణ అడగండి, కూటమి మార్చే పార్టీలకి కూడా చట్టం వర్తించేలా సవరణ పెట్టండి, మీవాళ్లు ఆపితే ఎవరు ఆపారో పేరుతో సహా జనానికి చెప్పండి.